ఇనుపడేగ తల్లి

ఇరవై ఏళ్లుగా కామిక్స్ వీరుడు ఇనుపడేగ ముసుగు వెనక ఎవరున్నారో ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది అమ్మకాలు పడిపోయేసరికి, మాన్‌హాటన్ ఆఫీసులో యజమానికి ఉన్నట్టుండి ఆ మహావీరుడి బాల్యం గుర్తుకొచ్చింది. వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చే సంచికలో బయటపెట్టాల్సిందేనన్నాడు.

ఆ కామిక్స్ కంపెనీలో పద్ధతే తలకిందులు. ముందు మెండెల్ బొమ్మలు వేసేస్తాడు. ఏ గడిలో ఏం జరుగుతోందో పేజీ అంచున పెన్సిల్‌తో రెండు ముక్కలు గీకుతాడు. ఆ తర్వాత నార్మన్ తాపీగా కూర్చుని పాత్రల నోట మాటలు పెడతాడు. ఈసారి మెండెల్ కొత్తగా ఏమీ కల్పించలేదు. తండ్రి పోయాక, తన ఐదో ఏట, తల్లి తనను అనాథాశ్రమంలో దించి వెళ్లిన రోజునే ఇనుపడేగకు అంటగట్టాడు. మెట్ల మీద కుర్రాడు, వీధిలో వెనక్కి తిరగకుండా నడిచిపోతున్న తల్లి. ఆ గడి అంచున ఏదైనా రాద్దామంటే చెయ్యాడలేదు.

నార్మన్ దగ్గర్నుంచి పేజీలు తిరిగొచ్చాయి. తల్లి తల మీద మాటల బుడగలో ‘పీడా విరగడైంది’ అని ఉంది. మెండెల్‌కు ఒళ్లు మండిపోయింది. బట్టల ఫ్యాక్టరీలో పని దొరకగానే ఆ తల్లే వచ్చి అతన్ని ఇంటికి తీసుకెళ్లింది, నిజమే. అయినా తను ఆమెకు పీడేనా అన్న అనుమానం నలభై ఏళ్లుగా లోపల తొలుస్తూనే ఉంది. ఎన్నడూ అడగలేదు, అడిగే ధైర్యం చాలలేదు. ఇప్పుడదే మాట అచ్చులో లక్షలమంది పిల్లలు చదవబోతున్నారు.

పేజీ పట్టుకుని విసురుగా నార్మన్ గదిలోకి వెళ్లాడు. నార్మన్ నోట్లో సిగార్ తీయకుండానే, అంచున ఏమీ రాయకపోతే తప్పు తనదెలా అవుతుందన్నాడు.

“కన్నబిడ్డని వదిలేసి ఒక్కసారైనా తిరిగి చూడని మనిషి. ఆవిడ నోట ఇంకేం పెట్టమంటావ్, జోలపాటా?”

“తిరిగి చూస్తే నేను పరిగెత్తుకెళ్లి కాళ్లకి చుట్టుకునేవాణ్ణి. అందుకే చూళ్లేదు.”

‘నేను’ అని నోరు జారాక గానీ మెండెల్‌కు తెలియలేదు. నార్మన్ సిగార్ పక్కన పెట్టాడు. ఒక్క గడి మాటల్లేకుండా వదలాలంటే ప్రాణం మీదికొచ్చే ఆ మనిషి, తెల్లరంగు సీసా తీసి తనే బుడగంతా చెరిపేశాడు.

పుస్తకం అచ్చయ్యాక శుక్రవారం భోజనానికి వెళ్తూ, బ్రాంక్స్‌లో ఉండే తల్లి గిట్టెల్‌కు ఒక ప్రతి పట్టుకెళ్లాడు. ఆవిడకు వచ్చింది యూదుల యిడ్డిష్ భాషే, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. కొడుకు పుస్తకాలన్నీ బొమ్మలు చూసి, ఈ ముసుగు వెధవకి ఒక్క మంచి ప్యాంటు కొనివ్వరాదా అని వెక్కిరించి పక్కన పడేస్తుంది. ఇవాళ మాత్రం ఆ గడి దగ్గరే ఆగిపోయింది. కోడి సూప్ చల్లారిపోతున్నా తల ఎత్తలేదు.

“ఇది తప్పురా” అంది చివరికి.

ఏది తప్పని మెండెల్ మెల్లగా అడిగాడు.

“నేను వెనక్కి తిరిగాను. వీధి చివర నిలబడి ఎంతసేపు చూశానో. నువ్వే లేవు. అప్పటికే నిన్ను లోపలికి తీసుకెళ్లిపోయారు.”

యాభైకి దగ్గరపడుతున్న కొడుకు చెంచా కింద పెట్టి బావురుమన్నాడు.