చిలకపచ్చ మచ్చ

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయిందంటే సెంటినరీ కాలనీలో కిటికీలు గడగడలాడతాయి. ఆ వెంటనే ఆడవాళ్ల చేతుల్లోకి గుడ్డలు వస్తాయి. బొగ్గు దుమ్ము కుదురుకోకముందే తుడిచెయ్యాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అనసూర్యకు ఇదే పని. ఆ పనికి చెయ్యి ఆమెను అడగడం ఎప్పుడో మానేసింది.

ఆ చెయ్యే ఇవాళ కొంప ముంచింది.

హైదరాబాదులో పరిశోధన చేస్తున్న కూతురు సహస్ర తపాలా బిళ్లంత గాజు ముక్క తెచ్చింది. దాని నడుమ చిలకపచ్చ మచ్చ.

"దీన్ని ముట్టుకోకే అమ్మా. పూసిన రంగు కాదిది. కంటికి కనబడని సన్నటి స్తంభాలు నిలబెట్టినం. వెలుగు పడితే అవి పచ్చదాన్నే మనదిక్కు పంపుతయి. ఎల్లుండి మా సార్లకు చూపెట్టాలె. గిదొక్కటే మంచిగ కుదిరింది," అని ఒకటికి పదిసార్లు చెప్పి బజారుకు పోయింది.

ఢామ్మని బ్లాస్టింగ్. అనసూర్య పొయ్యి తుడిచే గుడ్డతోనే టీవీ తుడిచింది, టేబుల్ తుడిచింది, గాజు ముక్కా తుడిచింది. పచ్చ మచ్చ కాస్తా ఎర్రబడింది. బిడ్డ ఇన్నాళ్ల కష్టం జిడ్డు గుడ్డ పాలైందని ఏడుపొచ్చింది.

పక్క క్వార్టర్ చంద్రమతి గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరుగారి భార్య. "ఓస్, ఇంతేనా వదినగారూ! పచ్చగా ఉంటే చాలుగా?" అంటూ గోళ్లరంగు సీసా తెచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి పూశారు. పెళ్లికూతురి గోళ్లకు కూడా ఎవరూ అంత శ్రద్ధగా పూసి ఉండరు.

సహస్ర వచ్చీ రాగానే చూసింది. "ఏందే ఇది?"

"నేనే బిడ్డా! చెయ్యి ఊకోలే. కొడితే కొట్టు!"

సంగతంతా విని సహస్ర కాసేపు తల పట్టుకుంది. "స్తంభాల సందుల్ల నూనె చేరింది, గందుకే ఎర్రగైంది. మరి గీ గోళ్లరంగు ఎవరి తెలివి?"

చంద్రమతి ఫ్యాను వంక చూసింది.

"ఆంటీ, గోళ్లరంగు తీసే మందు ఉందా? అసిటోన్ ఉన్నదే కావాలె. ల్యాబుల గూడ దాంతోనే కడుగుతం."

చంద్రమతి పరుగున తెచ్చింది. సహస్ర స్టీలు గిన్నెలో మందు పోసి, ముక్కను మెల్లగా ముంచి తీసింది. గోళ్లరంగు పోయింది, జిడ్డూ పోయింది. ఆరాక చూస్తే చిలకపచ్చ. అనసూర్య ఆనందం పట్టలేక చంద్రమతిని కావలించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం సహస్ర సంచి సర్దుకుంటుండగా మళ్లీ ఢామ్మంది. సహస్ర చేతిలోకి గుడ్డ ఎప్పుడొచ్చిందో తనకే తెలియదు. టీవీ అయింది, టేబుల్ అయింది, చెయ్యి గాజు ముక్క మీదికి పోతోంది.

అనసూర్య ఒక్క గెంతున వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"గుడ్డ కింద పెట్టు బిడ్డా!"