అక్కకి అర

పొద్దున్నే ఎనిమిదింటికి మిషను ముందు కూర్చునే ముందు అక్క చెయ్యాల్సిన పనులు మూడు. ఒక పీట ఎక్కి కిటికీ రెక్కలు తెరవాలి. అదే పీట గోడ వైపు జరుపుకుని మళ్ళీ ఎక్కి దారం ఉండలు అందుకోవాలి. చివరికి మిషను పెడలు మీద మేకులు కొట్టి బిగించిన చెక్కముక్క కదలడం లేదు కదా అని కాలితో నొక్కి చూసుకోవాలి. ఆ చెక్కముక్క మీదికి ఆమె బొటనవేలు మాత్రం ఆనేది. మిగతా పాదం గాల్లోనే. ఆ బొటనవేలితోనే ఆమె సాయంత్రం దాకా వీధి జనాల ప్యాంట్లు పొట్టి చేసేది, చొక్కాలు వదులు చేసేది, చిరిగిన జేబులకి కొత్త జేబులు వేసేది.

ఆమె సొంతానికి ఒక్క తమ్ముడికి అక్క. పిలుపుకి మాత్రం వీధి మొత్తానికీ అక్కే. సర్దుకుపోవడంలో అక్కని మించిన మనిషి లేదని తమ్ముడు అందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. ఏదైనా వదులుకుని సర్దుకున్న ప్రతిసారీ అక్క ఒక అంగుళం తగ్గేది. తమ్ముడి చదువు కోసం తన చదువు మానేసినప్పుడు మొదటి అంగుళం పోయింది. వెలుతురొచ్చే పెద్ద గది కొత్త జంటకి ఇచ్చినప్పుడు ఇంకోటి. తన మంచం, తన బీరువా, భోజనాల బల్ల దగ్గర గోడ పక్క కుర్చీ, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర, ఇలా ఒక్కోదానికి ఒక్కో అంగుళం. ఐదడుగుల ఆరంగుళాల మనిషి పదిహేనేళ్ళలో నాలుగడుగుల మూడంగుళాలకి దిగింది. ఆ లెక్కంతా గది తలుపు చట్రం మీద గీతలై ఉంది. పిల్లల ఎత్తు గీసుకునే గీతల్లాంటివే, కాకపోతే వీటి తేదీలు పైనుంచి కిందికి నడుస్తాయి.

దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. డాక్టరు ఎముకలు నొక్కి చూసి, సర్దుకుపోయే మనుషులకి ఇది మామూలేనని బలానికి మాత్రలు రాశాడు. ఎదురింటావిడ కనిపించినప్పుడల్లా "ఏమ్మా, మళ్ళీ ఏమిచ్చేశావు?" అని అడిగి కూరగాయలు ఏరుకోవడంలో పడిపోయేది. తమ్ముడైతే పాపం ప్రేమకొద్దీ ఇంట్లో గదికో పీట చేయించి పెట్టాడు.

అక్క కూడా దీని గురించి ఎక్కువగా ఆలోచించేది కాదు, ఈ మధ్య వరకు. ఇప్పుడు బొటనవేలి దగ్గరికొచ్చింది వ్యవహారం. ఇంకొక్క అంగుళం తగ్గితే కాలు పెడలుకి అందదు. చెక్క ఇంకా మందంగా వేస్తే పట్టు లేక జారిపోతోంది, అదీ చూసింది. మిషను ఆగితే ఆ ఇంట్లో తనకంటూ మిగిలేది ఏదీ లేదు.

సరిగ్గా అప్పుడే మరదలికి వాక్-ఇన్ వార్డ్‌రోబ్ మీద మనసైంది.

మరదలు చెడ్డదేం కాదు. బట్టలంటే ప్రాణం, అంతే. వాళ్ళ పడకగదిలో రెండు బీరువాలున్నాయి, రెంటికీ తలుపులు పడవు. తమ్ముడు పొద్దున్నే ఒక చొక్కా లాగితే ఆరు చొక్కాలు నెత్తిన పడేవి. పడకగదికి ఆనుకుని ఉన్నది అక్క కుట్టుగది ఒక్కటే. తొమ్మిదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు, తూర్పున కిటికీ. మధ్యగోడకి తలుపు కోస్తే చాలు, పని అయిపోతుంది. మిషను మెట్ల కింద పెట్టుకోవచ్చు. మామూలు మనిషికైతే అక్కడ తల తగులుతుంది, అక్కకి తగలదు.

"మన మధ్య అరమరికలేముంటాయి అక్కా, కాస్త సర్దుకోవాలి మరి," అన్నాడు తమ్ముడు, చెవి గోక్కుంటూ.

అక్క తల ఊపింది. ఆ క్షణాన ఏమీ కాలేదు. మాట అన్న రోజున కాదు, వస్తువు చెయ్యి మారిన రోజున ఆమె తగ్గేది. అంటే గది ఖాళీ చేసే రోజు దాకా గడువుంది.

మర్నాడు వడ్రంగి మేస్త్రి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, జేబులో సుద్దముక్క, కళ్ళజోడు ముక్కు చివర. మరదలు వాక్-ఇన్ వార్డ్‌రోబ్ అనగానే "నడిచే బీరువానా అమ్మా?" అని అడిగాడు. కాదు, మనం లోపల నడిచేదని ఆమె చెప్పింది. అయితే అది బట్టల గది అని తనే పేరు పెట్టుకున్నాడు.

ఆ మేస్త్రికి ఒక పద్ధతుంది. కాగితాల మీద గీసేవాడు కాదు. కాగితాలు పోతాయి, గోడలు పోవు అనేవాడు. ఎవరికేం కావాలో అడిగి, ఆ గది గోడ మీదే పెన్సిలుతో రాసి, రాసింది రాసినట్టు చేసి, చివర సున్నం వేయించేవాడు. ముందుగా ఇంట్లో అన్నిటికంటే పొడుగైన బట్ట తెమ్మన్నాడు. దండెం ఎత్తు దాన్ని బట్టే ఉంటుందట. పొడుగు బట్టకి చోటు చూస్తే పొట్టివి వాటంతటవే ఇముడుతాయి, పొట్టివాటికి చూస్తే పొడుగుది నేల మీద పొర్లుతుందని చెప్పాడు. మరదలు తన పార్టీ గౌను తెచ్చింది. నలభై ఎనిమిది అంగుళాలు. మేస్త్రి రాయబోతూ, మేకుకి వేలాడుతున్న అక్క కోటు దగ్గర ఆగాడు.

"ఇంత చిన్న కోటుకి ఇంత బరువేమిటి?" అని అంచు తిరగేశాడు. లోపల మడత మీద మడత. మడత మడతకీ విడివిడిగా కుట్టు. వేలితో లెక్కపెట్టాడు, పదిహేను. అన్నీ విప్పితే యాభై రెండు అంగుళాలని నోటిలెక్క వేసుకున్నాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"నాదే. తగ్గినప్పుడల్లా మడుచుకుంటూ వచ్చాను," అంది అక్క.

"కత్తిరిస్తే పోయేది కదా, ఇంత బరువు మొయ్యడమెందుకు?"

"కత్తిరించిన గుడ్డ మళ్ళీ రాదు కదండీ. కుట్టయితే ఎప్పుడైనా విప్పుకోవచ్చు."

మేస్త్రి ఆమెని ఒకసారి, తలుపు చట్రాన్ని ఒకసారి చూసి, గోడ మీద పొడుగు బట్ట యాభై రెండు అని రాశాడు. మరదలు ముఖం చిట్లించింది గానీ, కొలత కొలతే కాబట్టి ఒప్పుకుంది.

తరవాత కోరికల జాబితా. మరదలు చెబుతూ పోయింది, గోడ నిండుతూ పోయింది. గౌన్లకొక వైపు, చలి బట్టలకొక వైపు, చెప్పులకి ఏటవాలు పలకలు, గాజుమూత సొరుగు, నిలువెత్తు అద్దం. తమ్ముడికి ప్యాంట్లకో దండెం, చొక్కాలకో దండెం, టైలకి కొక్కేలు. అంతా అయ్యాక మేస్త్రి అక్క వైపు తిరిగి, మరి మీ బట్టలో అన్నాడు. ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. అక్కకీ తట్టలేదు. మెట్ల కింద బట్టలు పెట్టుకునే చోటు లేదు మరి.

"నాకెంత కావాలండీ. ఒక అర చాలు."

మేస్త్రి గోడకి మిగిలిన కాస్త జాగాలో రాసుకున్నాడు: అక్కకి అర.

ఆ సాయంత్రమే సుద్దముక్కతో నేల మీద గదంతా గీసేశాడు. చెక్క కోసేముందు వారం రోజులు ఇందులో నడవండి, ఎక్కడ మోచెయ్యి తగులుతుందో అప్పుడే తెలుస్తుంది అన్నాడు. కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆ వారం ఆ ఇంట్లో కనిపించింది. మొగుడూ పెళ్ళాలు ఆఫీసు నుంచి రాగానే గీతల మధ్య నడిచేవాళ్ళు. మరదలు లేని సొరుగు లాగి, లేని చొక్కా తీసి, లేని అద్దంలో చూసుకునేది. లేని తలుపు నీ వైపు తెరుచుకుంటోందని ఒకరోజు ఇద్దరూ నిజంగానే పోట్లాడుకున్నారు. మధ్యలో అక్క ప్యాంట్లు కుట్టుకుంటూ కూర్చునేది. మిషను ఉన్నది సరిగ్గా చెప్పుల పలకల చోట. వాళ్ళు దానిచుట్టూ జాగ్రత్తగా తిరిగి వెళ్ళేవాళ్ళు, అక్కడేదో స్తంభం ఉన్నట్టు. అక్కకి కోపం రాలేదు. భయమేసింది. రోజుకొక్కసారి చెక్కముక్క మీద బొటనవేలు పెట్టి చూసుకునేది, ఇంకా ఆనుతోందా అని.

చెక్క బిగించే రోజులొచ్చాయి. దుమ్మూ చప్పుడూ పడక తమ్ముడూ మరదలూ నాలుగు రోజులు ఆమె పుట్టింటికి వెళ్ళారు. మేస్త్రికి కావలసినవి చూడటానికి అక్క ఉండిపోయింది. మొదటి రోజు మిషను బయటికి వచ్చింది, నడవలో గోడకానించి పెట్టాడు. మెట్ల కిందికి జరపనా అని మేస్త్రి అడిగితే, పని అయ్యాక జరుపుదాం అంది అక్క. ఒక్కరోజైనా వాయిదా పడితే ఒక్కరోజే కదా. ఆ రెండు రోజులూ మధ్యగోడ కొడుతున్న చప్పుడు వింటూ ఆమె ఆ గది వైపు వెళ్ళనే లేదు.

మూడోరోజు మధ్యాహ్నం మేస్త్రి పిలిచాడు. అక్క వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయింది. గదికి నడిమధ్యన కొత్త చెక్కగోడ లేచి ఉంది. పడకగది వైపు సగంలో అరలు, దండేలు, చెప్పుల పలకలు అన్నీ కుదించి కుదించి ఇరికించాడు. ఒక మనిషి నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, ఇద్దరైతే ఒకరు బయట ఆగాలి. కిటికీ ఉన్న సగం మాత్రం దాదాపు ఖాళీ. గోడకి ఒక దండెం, యాభై రెండు అంగుళాల బట్ట నేలకి తగలనంత ఎత్తున. దాని పక్కన మిషను పట్టేంత జాగా. వెలుతురు సరిగ్గా సూది పడే చోట పడుతోంది.

"ఇదేమిటి మేస్త్రీ?" అంది అక్క.

మేస్త్రి గోడ చూపించాడు. "అక్కకి అర. అరంటే సగమే కదమ్మా."

"అయ్యో, నేనన్నది ఆ అర కాదండీ. బట్టలు పెట్టుకునే అర."

"రాస్తే రెండూ ఒకటే. మీరన్నది రాశాను, రాసింది చేశాను." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "వద్దంటే చెప్పండి, పొద్దుగూకేలోగా ఊడదీస్తాను. మేకులింకా పూర్తిగా దిగలేదు."

పర్లేదండీ, ఊడదీయండి. ఆ మాట అక్క నాలుక చివరికి వచ్చేసింది. పదిహేనేళ్ళుగా వచ్చే మాట, దారి దానికి బాగా తెలుసు. అక్క కిటికీ వైపు చూసింది, నడవలో ఉన్న మిషను వైపు చూసింది. అంత వెలుతురు తనకి కావాలని ఉంది. కావాలని ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. మేస్త్రి సుత్తి పట్టుకుని, తొందరేం లేదన్నట్టు నిలబడ్డాడు.

"ఈ తలుపుకి గడియ పెట్టలేదేం?" అంది చివరికి.

"ఎటువైపు పెట్టమంటారు?"

"లోపలికి. నా వైపు."

సాయంత్రానికి గడియ బిగిసింది, మిషను లోపలికి వచ్చింది. మేస్త్రి వెళ్ళాక అక్క గడియ వేసుకుని, పెడలు మీద కాలు పెట్టింది. బొటనవేలితో పాటు పక్కవేళ్ళూ చెక్కకి ఆనాయి. ఇంకోసారి పెట్టి చూసింది. నిజంగానే ఆనాయి. అక్క మిషను మీద తల వాల్చి కాసేపు ఏడ్చింది. తరవాత కోటు ఒళ్ళో వేసుకుని, పదిహేనో కుట్టు విప్పింది.

తమ్ముడూ మరదలూ వచ్చి చూశారు. మరదలు గోడ మీద రాత రెండుసార్లు చదివింది. తప్పెక్కడుందో వేలుపెట్టి చూపిద్దామంటే కనిపించలేదు. తమ్ముడు మేస్త్రికి ఫోను చేశాడు. తీసెయ్యడానికి తనకేమీ అభ్యంతరం లేదనీ, కాకపోతే అడిగింది అక్కగారు కాబట్టి ఆవిడ నోటితో చెబితే వస్తాననీ మేస్త్రి అన్నాడు.

తమ్ముడు ఫోను అక్క ముందు పెట్టాడు. "అక్కా, నువ్వు చెప్పు. నువ్వడిగింది ఏ అర? ఆయన పొరబడ్డాడు కదా?"

అక్క పీట మీద కూర్చుని ఉంది. తమ్ముడి ముఖం అలసిపోయి ఉంది. చిన్నప్పుడు ఇదే ముఖానికి ఆమె బొమ్మలిచ్చింది, పెన్నులిచ్చింది, చివరి ముద్దలిచ్చింది. ఇచ్చినందుకు ఏ రోజూ బాధపడలేదు. ఇప్పుడు మాత్రం ఆ ముఖానికే అబద్ధం చెప్పబోతోంది.

"సగమేరా," అంది. "నేనడిగింది సగమే."

ఫోను అవతల మేస్త్రి దగ్గాడు. తమ్ముడు ఫోను పెట్టేశాడు. మరదలు గాజుమూత సొరుగు లాగి చూసింది, సగం దాకానే వచ్చింది, మళ్ళీ మూసింది. ఇక చేసేదేముంది, పొద్దున్న ఒకరి తరవాత ఒకరు వాడుకుందాం అంది మొగుడితో.

"సరేలే, సర్దుకుందాం," అన్నాడు తమ్ముడు.

మర్నాడు పొద్దున్న అక్క తలుపు ఎవరో తట్టారు. ఆ ఇంట్లో ఆమె తలుపు తట్టడం అదే మొదటిసారి. గడియ తీస్తే తమ్ముడు. ఆఫీసుకి తయారై ఉన్నాడు, బూట్ల వెనక ప్యాంటు అంచులు నేలకి రాసుకుంటున్నాయి. వాటినే చూపించాడు.

అక్క టేపు తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. సరిగ్గా అంగుళం.

"కత్తిరించనా, మడిచి కుట్టనా?" అని అడిగింది.

తమ్ముడు దండేనికి వేలాడుతున్న కోటు వైపు చూశాడు, పదిహేను మడతల్లో ఒకటి విప్పిన కోటు వైపు.

"మడిచి కుట్టు అక్కా," అన్నాడు.

అక్క గుండుసూదులు నోట్లో పెట్టుకుని అంచు లోపలికి మడిచింది. అతని వెనకాల నడవలో మరదలు, తనకీ అంగుళం పొడుగైపోయిన గౌను చేతి మీద వేసుకుని, తన వంతు కోసం నిలబడి ఉంది.