వెనక మెట్ల తాళం

డ్రాయింగు మాస్టారు రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి మేడమెట్లు ఒక్కొక్కటే దిగుతున్నారు. పేళ్ళు లేచిన చోట ఆగి, జేబులోంచి గరుకు కాగితం తీసి రుద్ది, పొడిని ఉఫ్ మని ఊది, మళ్ళీ చెయ్యి ఆనించి చూసుకుంటున్నారు. చెక్క పేళ్ళు వేళ్ళలో దిగుతున్నాయని ఎనిమిదో తరగతి అమ్మాయి కిందటి కమిటీ సమావేశంలో చెప్పింది. వడ్రంగి ఇదిగో వస్తానన్నాడు, అదిగో వస్తానన్నాడు, రాలేదు.

ఇంకా పిల్లలు రాలేదు. కింద వరండా ఊడుస్తున్న ఆయా చీపురు ఆపి పైకి చూసింది.

"ఆ పని మీరు చేస్తే వడ్రంగికి సుఖం, నాకు కష్టం మాస్టారూ. ఆ పొడంతా మళ్ళీ నేనే ఎత్తాలి."

"నేను ఊడ్చేస్తాలేమ్మా."

"మీరు ఊడిస్తే దాని మీద మళ్ళీ నేను ఊడవాలి."

మాస్టారు నవ్వేశారు. ఆయన ఎప్పుడూ అంతే. సన్నగా, పొడుగ్గా, పొడుగుగా ఉన్నందుకు ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు కాస్త వంగి ఉంటారు. చొక్కా చేతుల అంచున ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. పాంటు అంచు తగిలి పడతానేమోనని రెండు మడతలు పైకి మడిచి కుట్టించుకుంటారు. నోట్లో నాలుక లేని మనిషి అని స్టాఫ్ రూములో పేరు. లెక్కల మాస్టారుకు పాఠాలు మిగిలిపోతే డ్రాయింగు పీరియడు అడుగుతారు, ఈయన ఇచ్చేస్తారు. సైన్సు టీచరు అడిగినా అంతే. అలా ఇచ్చిన పీరియడ్లన్నీ కుప్ప పోస్తే ఇంకో ఉద్యోగం అవుతుందని ఆయన భార్య అంటూ ఉంటుంది.

ఆరోగ్య భద్రతా కమిటీ కూడా అలాగే ఆయన నెత్తిన పడింది. కిందటేడు వానల్లో పై అంతస్తు కిటికీ అద్దం ఊడి, పిల్లలు అప్పుడే లేచి వెళ్ళిన బెంచీ మీద పడింది. తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. బడికొక కమిటీ ఉండి తీరాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. పెద్ద మేడమ్ స్టాఫ్‌ను పిలిచి, నడిపేది ఎవరని అడిగారు. లెక్కల మాస్టారుకు ట్యూషన్లు. సైన్సు టీచరుకు అత్తగారి ఒంట్లో బాగాలేదు. ఆటల మాస్టారు రోజంతా మైదానంలోనే ఉంటారు. ఒక్కొక్కరే చూపు తిప్పుకోగా తిప్పుకోగా, అందరి చూపులూ చివరికి డ్రాయింగు మాస్టారు మీద ఆగాయి.

ఆ సాయంత్రం సంగతి విని భార్య చేతిలో పని వదిలేసి నవ్వింది. "మీరా? గోడ మీద బల్లి కనిపిస్తే నన్ను కేకేస్తారు, మీరు బడిని కాపాడతారా?"

"భయమున్నవాడికే ముందు కనిపిస్తుందట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నా."

మొదటి సమావేశం టీలో చక్కెర ఎక్కువైందన్న చర్చతోనే సగం గడిచింది. మిగతా సగంలో ప్రథమ చికిత్స పెట్టె తెరిచారు. అందులో ఎండిపోయిన ఒక మందు ట్యూబు, చిక్కుపడిన కట్టుగుడ్డ, విరిగిన స్టాప్లరు, ఎప్పటి నుంచో కనిపించడం లేదని పెద్ద మేడమ్ వెతుకుతున్న కళ్ళజోడు ఉన్నాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టారు మాస్టారు. దూది వచ్చింది. నీళ్ళ ట్యాంకుకు మూత వచ్చింది. ల్యాబులో వేలాడే కరెంటు తీగ గోడలోకి పోయింది. దేనికీ ఆయన గట్టిగా అడగలేదు. అడిగిన చోటే మళ్ళీ వెళ్ళి నిలబడేవారు. ఆ నిలబడటం భరించలేక అవతలివాళ్ళు పని చేసిపెట్టేవారు.

కానిది ఒక్కటే, వెనక మెట్లు. పై తరగతుల పిల్లలు అటునుంచి బయటికి జారుకుంటున్నారని, వాటి అడుగున ఉన్న కటకటాల తలుపుకు ఏనాడో తాళం వేశారు. తాళంచెవి గుమాస్తా మొలతాడుకు వేలాడుతుంది. ప్రతి సమావేశంలోనూ మాస్టారు ఆ మాట ఎత్తుతారు. ప్రతిసారీ పెద్ద మేడమ్ "చూద్దాం" అంటారు.

ఈ రోజు డ్రిల్లు. నిప్పంటుకుంటే పిల్లలు ఎలా దిగాలో అలవాటు చేయించాలి. ముందు అనుకున్నట్టే రెండో పీరియడు మధ్యలో గంట ఆగకుండా మోగింది. అనుకోనిదల్లా, గుమాస్తా టపా వెయ్యడానికి తాళంచెవితో సహా బయటికి వెళ్ళడం. వెనక మెట్ల మీదుగా దిగాల్సిన తరగతులు తలుపు దాకా వచ్చి, తాళం చూసి, వెనక్కి తిరిగాయి. వెనక వాళ్ళకు ఆ సంగతి తెలియక తోసుకొస్తున్నారు. చివరికి అందరూ పైకెక్కి ముందు మెట్ల మీద పడ్డారు. నవ్వులు కేకలయ్యాయి. ఆరో తరగతి పిల్ల ఒకతె మెట్ల మలుపులో బోర్లా పడింది. ఎవరి బూటో దాని చేతి మీద పడింది.

మాస్టారు పరుగెత్తడం ఆ బడిలో ఎవరూ అంతవరకు చూడలేదు. మెట్లెక్కి, పిల్లకు పై మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ బారచాపి, "ఆగండి" అన్నారు. ఆయన గొంతు అంత ఉంటుందని పిల్లలకు తెలియదు. ఆగారు.

పిల్ల మోకాలు చెక్కుకుపోయింది. వేళ్ళు వాచాయి. కట్టు కడుతుంటే ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని అడిగింది, "ఇది ఉత్తుత్తిదే కదా మాస్టారూ?"

"ఉత్తుత్తిదేనమ్మా."

మెట్ల కింద నిలబడి పెద్ద మేడమ్ అంతా చూశారు.

ఆ తరవాత మాస్టారు వరండా అంచున కూలబడ్డారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆయా నీళ్ళు తెచ్చిచ్చి ముఖంలోకి చూసింది. "పాలిపోయారు మాస్టారూ. డాక్టరుకు చూపించుకుని ఇంటికెళ్ళి పడుకోండి."

"మధ్యాహ్నం సమావేశం ఉంది కదమ్మా. అయ్యాక వెళ్తా."

సమావేశం లైబ్రరీలో. కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఎదురు వీధిలో కుట్టుమిషను పెట్టుకున్నావిడ ఉంది. పనివాళ్ళ తరఫున ఆయా, పిల్లల తరఫున ఎనిమిదో తరగతి అమ్మాయి. గుమాస్తా అప్పటికే మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"టపా ఆలస్యమైతే నన్నే అంటారు, టపాకి వెళ్తే నన్నే అంటారు. నేను రెండు ముక్కలవ్వాలా?"

"నిన్నెవరూ ఏమనలేదయ్యా," అన్నారు పెద్ద మేడమ్. "తాళం తీస్తే మధ్యాహ్నానికి పై తరగతులు ఖాళీ. బయటికెళ్ళిన పిల్లాడు ఏ బండి కిందో పడితే వాళ్ళమ్మకి నేనేం చెప్పాలి?"

"ముందు నుయ్యి వెనక గొయ్యి," అన్నారు లెక్కల మాస్టారు.

"సరే, వచ్చే సమావేశంలో చూద్దాం," అన్నారు పెద్ద మేడమ్.

"వద్దు మేడమ్," అన్నారు డ్రాయింగు మాస్టారు.

అందరూ తలలెత్తారు. ఆయన బల్ల అంచు పట్టుకుని ఉన్నారు.

"ఇవాళే తియ్యాలి. లేకపోతే నేను ఈ కమిటీలో ఉండను."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరిని బెదిరించడం అదే మొదలు. లెక్కల మాస్టారు కిటికీలోంచి చెట్టును చూశారు. సైన్సు టీచరు సంచీలో ఏదో వెతుక్కున్నారు. ఈయన దించిన బరువు తరవాత ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికి వారు లెక్క వేసుకుంటున్నారు.

"తియ్యక తప్పదేమో మేడమ్," అన్నారు లెక్కల మాస్టారు చివరికి.

"తీస్తే కాపలా ఎవరు?"

"లోపలినుంచి తెరుచుకునే గడియ పెట్టిద్దాం," అన్నారు డ్రాయింగు మాస్టారు. "పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే చాలు. ఖాళీ ఉన్నప్పుడు నేను కూర్చుంటా."

"పొద్దుటిపూట నా మిషను అక్కడేసుకుంటా మేడమ్," అంది కుట్టుమిషనావిడ. "నా కళ్ళు గుడ్డ మీదుంటాయి గానీ చెవులు ఖాళీయే."

పెద్ద మేడమ్ గుమాస్తా వైపు చెయ్యి చాపారు. అతను మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీశాడు.

తాళం తుప్పుపట్టి తెరుచుకోలేదు. మిషను నూనె పోసి, ఆయా రాయితో నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. తలుపు కీచుమంటూ గోడ దాకా వెళ్ళి ఆగింది. అప్పుడే లెక్కల మాస్టారు ఈయన్ను పక్కకు పిలిచి అడిగారు, "ఆఖరి పీరియడు నాకిస్తారా? ఎలాగూ మీరిక్కడే ఉంటారు కదా." ఇచ్చేశారు.

వెనక మెట్ల కింద నీడగా ఉంటుంది. మాస్టారు స్టాఫ్ రూము నుంచి కుర్చీ తెచ్చుకుని, తలుపుకు ఒక పక్కగా, పిల్లలకు అడ్డం కాకుండా వేసుకున్నారు. ఆఖరి గంట కొట్టగానే పై తరగతులు ఆ మెట్ల మీద దడదడలాడుతూ దిగాయి. ఆయన గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన్ను చూసి ముందు వాళ్ళు గొంతు తగ్గించారు. వెనక వాళ్ళు సంచులు ఆయనకు తగలకుండా గుండెలకు హత్తుకుని దాటారు. చేతికి కట్టున్న ఆరో తరగతి పిల్ల ఆయనకు చెయ్యి చూపించాలని ఎదురుగా ఆగింది.

"పడుకున్నారే," అంది పక్క పిల్ల. "రేపు చూపిద్దువుగాని, పద."

పిల్లలు వెళ్ళిపోయాక ఆయా చీపురుతో వచ్చింది. "లేవండి మాస్టారూ, ఇక్కడ ఊడవాలి," అంది. మళ్ళీ అంది. తరవాత చీపురు నేల మీద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని చూసింది.

మర్నాడు బడికి సెలవిచ్చారు. ఆ వారంలోనే తలుపుకు గడియ బిగించారు. కమిటీ లెక్కల మాస్టారుకు వచ్చింది. ఆయన సణుక్కుంటూనే నడుపుతున్నారు. పొద్దుటిపూట మెట్ల కింద మిషను చప్పుడు వినిపిస్తుంది. జారుకోబోయిన ఒకణ్ణి కుట్టుమిషనావిడ చెవి పట్టుకుని స్టాఫ్ రూముకు తెచ్చింది.

కొన్నాళ్ళకు మాస్టారి భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. గొడుగు, చెప్పులు, విడి చొక్కా సంచీలో సర్దుకున్నాక, ఆ తలుపు చూస్తానంది. ఆయా తీసుకెళ్ళి చూపించింది.

"ఆయన కాదన్నారా? అందరి ముందూ?"

"అన్నారమ్మా."

"ఎలా అన్నారు?"

ఆయా గుర్తు చేసుకుంది. "మామూలుగానే. వద్దు మేడమ్, అన్నారు."

ఆవిడ ఆ మాటను పెదవుల మీదే ఒకసారి అనుకుని చూసింది. తలుపును వేలితో కొంచెం తోసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

డ్రాయింగు గది కిటికీలోకి ఎవరూ చూడలేదు. అక్కడ కుంచెలు కడుక్కునే గాజు గ్లాసు ఒకటి ఉంది. నీళ్ళు ఇగిరిపోయి అడుగున నీలం చార మిగిలింది. అంచు పగిలిన చోట, చిన్న వేళ్ళు తెగకుండా, తెల్లటి ప్లాస్టరు రెండు చుట్లు చుట్టి ఉంది.