నొక్కి చూడని దిమ్మ

“కోతితో పరిణయమా?” అని అత్తయ్య ఫోన్లో అడిగేసరికి బయాలజీ టీచరు చేతిలోని సుద్దముక్క కిందపడి రెండైంది. తను అన్నది, సాయంత్రం స్కూల్లో కోతులూ పరిణామమూ గురించి మీటింగు ఉందని.

“పరిణయం కాదత్తయ్యా, పరిణామం. జీవులు తరతరానికీ ఎలా మారుతూ వచ్చాయన్న పాఠం.”

“అలాగా. పక్కింటావిడకి చెప్పేశానే. ఏ కొమ్మ సంబంధమని అడిగింది.”

టీచరు నవ్వబోయి, అంతలోనే మీటింగు సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. సాయంత్రం తీర్మానం పెట్టబోయేది సాక్షాత్తూ మామయ్యే. ఆయన బిల్డింగులు కట్టే ఇంజనీరు, స్కూలు కమిటీకి అధ్యక్షుడు, తల్లి పోయాక తనను పెంచిన మేనమామ. పరిణామాన్నీ, జీవులన్నిటినీ దేవుడే ఉన్నవున్నట్టుగా సృష్టించాడనే సృష్టివాదాన్నీ రెండు శాస్త్రీయ సిద్ధాంతాలుగా సైన్సు క్లాసులో సమానంగా చెప్పాలన్నది తీర్మానం. దాని కింద సైన్సు విభాగం తరఫున తను సంతకం చేయాలి. చేస్తే చదివిన చదువు పోతుంది, చేయకపోతే పెంచిన మామయ్య దూరమవుతాడు.

లైబ్రరీ గదిలో కమిటీ కూర్చుంది. సంబంధం లేదని తేలినా అత్తయ్య కూడా వచ్చింది.

“నీదీ సిద్ధాంతమేగా, థియరీయేగా అమ్మడూ? అంటే ఊహేగా,” అన్నాడు మామయ్య. “ఒక ఊహ పక్కన ఇంకో ఊహ కూచుంటే బెంచీ విరుగుతుందా?”

హెడ్‌మాస్టరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో దాన్ని దగ్గు చేసుకున్నాడు.

టీచరు కిటికీలోంచి బయటకు చూసింది. మామయ్య కట్టిస్తున్న కొత్త గదుల పక్కన కాంక్రీటు దిమ్మలు వరసగా ఉన్నాయి. గోడకు పోసిన కాంక్రీటులోంచే కొంత తీసి దిమ్మలు చేయిస్తాడు. గట్టిపడ్డాక మిషన్లో పెట్టి, పగిలేదాకా నొక్కిస్తాడు. అనుకున్న బరువు రాకముందే పగిలితే ఆ గోడ కూలాల్సిందే. బావమరిది పోయించిన వరండాను కూడా అలాగే కూల్పించాడు.

“మామయ్యా, మేస్త్రీ వచ్చి ‘నా కాంక్రీటు గట్టిది, నొక్కి చూడొద్దు’ అంటే ఏం చేస్తావు?”

“తట్టాబుట్టా సర్దుకోమంటాను.”

“నా పరిణామాన్ని నొక్కి చూడు. చేపలు కూడా పుట్టని కాలపు రాతిలో ఒక్క కుందేలు ఎముక చూపించు. నిజమని తేలితే నా పాఠానికి పునాది కదిలినట్టే. తాతల కాలం నుంచీ నొక్కుతూనే ఉన్నారు. పెచ్చులూడిన చోట సరిచేశారు, దిమ్మ నిలిచింది. మరి నువ్వు చెప్పు. ఏం కనపడితే నీ సృష్టివాదం తప్పని ఒప్పుకుంటావు?”

“ఏం కనపడినా ఒప్పుకోను,” అన్నాడు మామయ్య రొమ్ము విరుచుకుని. “ఎముక దొరికితే దేవుడే పెట్టాడంటాను. దొరక్కపోతే దేవుడే దాచాడంటాను.”

అన్నాక, తన మాట తన చెవినే పడింది. చేతిలో పెన్ను గాల్లోనే ఆగిపోయింది. దిమ్మలు తిప్పితిప్పి చూసే మనిషికి దిమ్మ తిరిగింది. సొంత గోడలో బీట కనిపించినవాడిలా టేబుల్ మీది తీర్మానాన్ని దగ్గరకు లాక్కుని మళ్లీ మొదటినుంచీ చదివాడు.

గంటసేపు వాదిస్తాడనుకుంది టీచరు, ఇంత తేలిగ్గా దొరికిపోతాడనుకోలేదు. తనకు లెక్కలు నేర్పిన మనిషి తన కాగితంలోనే తప్పు వెతుక్కుంటుంటే గెలిచినట్టే అనిపించలేదు.

“నీ నమ్మకం అబద్ధమని అనట్లేదు మామయ్యా,” అంది మెల్లగా. “దాన్ని మిషన్లోకి తోయొద్దంటున్నాను.”

“మా తమ్ముడి వరండా కూల్చేటప్పుడు ఇంతసేపు ఆలోచించలేదు తమరు,” అంది అత్తయ్య.

మామయ్య తీర్మానాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కమిటీ వైపు తిరిగాడు.

“అందరూ వినండి. పొరబడింది నేను. బజార్లో ‘నాదో థియరీ ఉంది’ అంటే అది ఊహ. సైన్సులో థియరీ అంటే, ఎన్ని పరీక్షలు పెట్టినా తట్టుకుని నిలబడ్డది. పరిణామం ఆ పేరుకు తగింది. నాది నమ్మకం. దాన్ని పొద్దున ప్రార్థనలో తలుచుకుంటాను, పరీక్ష పేపర్లో పెట్టను. ఒకే మాట కదా అని రెంటినీ ఒకే గాటన కట్టి, మీ అందర్నీ తికమకపెట్టాను.”