వరుస వెనక ఉంది

లారీ బ్రేకు కీచుమనగానే మేనేజరు తల తిప్పాడు. అప్పటిదాకా పార్కు గేటు దగ్గర నిలబడి, కొత్తగా వేసిన రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుంటున్నాడు. రోడ్డు మధ్యలో ఒక ఆడమనిషి పడి ఉంది. కాలు ఉండాల్సిన వైపు లేదు. పక్కన ప్లాస్టిక్ చెంబు నుజ్జయి ఉంది.

ఆమె పార్కులో మొక్కలకు నీళ్లు పోసే మనిషి. నీళ్లు పోసే ఆడవాళ్ల గుంపుకి పెద్ద అయిన గొట్టం పెద్దమ్మకు కోడలు. అందరూ చిన్నకోడలు అనే పిలుస్తారు. చెంబు పట్టుకుని రోడ్డు ఎందుకు దాటింది? అవతల మురుగుకాలువ ఉంది, గట్టున తుప్పలున్నాయి. పార్కు కట్టినన్నాళ్లూ పనివాళ్లలో ఆడవాళ్లందరూ అక్కడికే వెళ్లారు. మరి పార్కులో మరుగుదొడ్లు లేవా అంటే, లేకేం! తెల్లటి పలకలు, నిలువెత్తు అద్దాలు, తళతళలాడే కుళాయిలు. వాటికి బయట ఇనుప తలుపు, ఆ తలుపుకి తాళం. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది.

రేపు మంత్రి మేడమ్ వచ్చి పార్కు తెరిచేదాకా అందులో ఎవరూ అడుగు పెట్టకూడదని కాంట్రాక్టరు చెప్పాడు. మేనేజరు తలూపి తాళం వేశాడు. ఎందుకని అడిగితే నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా? అడగలేదు.

చిన్నకోడల్ని ఆటోలో ఎక్కించి పంపాక కాంట్రాక్టరు కారు దిగాడు. రోడ్డు మీద నెత్తురు చూశాడు, దాటుకుని లోపలికి వచ్చాడు.

"కొమ్మలు వాడలేదు కదా?" అన్నాడు.

అతను అడిగిన మొదటి మాట అది! ఆ పార్కులో చెట్లు లేవు. ఎక్కడో రోడ్ల పక్క చెట్ల కొమ్మలు నరికి తెచ్చి గుంటల్లో పాతించాడు కాంట్రాక్టరు. పచ్చిక కూడా ఇటుక ముక్కల మీద చాపలా పరిచిందే. ఆడవాళ్లు గొట్టాలు పట్టుకుని రోజంతా తడుపుతుంటే రంగు నిలుస్తుంది. ఆపితే ఒక్క ఎండకు తల వేలాడేస్తుంది. మేడమ్ ఫొటో దిగి వెళ్లిపోయేదాకా పచ్చగా ఉంటే చాలు, తర్వాత ఎవడి ఏడుపు వాడిది.

"ఆ అమ్మాయి కాలు..." అన్నాడు మేనేజరు.

"ఏ అమ్మాయి? ఎవరైనా అడిగితే దారిన పోయే మనిషని చెప్పు. మన మనిషి కాదు."

"మన దగ్గర గొట్టం పట్టే మనిషేనండీ."

"నిన్నటిదాకా. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కదూ?" కాంట్రాక్టరు అతని భుజం తట్టాడు. "చల్లగా ఉండు."

ఆ చెయ్యి పడిన చోట చొక్కా విప్పి పారేయాలనిపించింది మేనేజరుకు. విప్పలేదు.

సాయంత్రం ఆడవాళ్లు ఇళ్లకు పోకుండా రేకుల షెడ్డులో కూర్చున్నారు. మేనేజరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఒక్కరోజు ఓర్చుకుందాం," అంటోంది ఒకామె. ఎప్పుడూ అదే మాట అంటుందని ఆమెకు ఓర్పమ్మ అని పేరు పెట్టారు. "రేపు మేడమ్ వస్తుంది. ఆమె కూడా ఆడదే కదా. కాళ్లు పట్టుకుని చెప్పుకుందాం. ఆడదాని బాధ ఆడదానికి తెలీదా?"

"రేపు నిన్ను గేటు లోపలికి రానిస్తారా, కాళ్లు పట్టుకోడానికి?" అంది మరొకామె.

"మొండికేస్తే పని పోతుందే!"

"పని ఉండగానే కాలు పోయింది కదే," అంది గొట్టం పెద్దమ్మ. "రేపు పొద్దున్న గొట్టం ముట్టుకోవద్దు. ఆ తలుపు తియ్యాలి, నా కోడలు ఇక్కడ పనిచేసే మనిషేనని నలుగురిలో ఒప్పుకోవాలి. అప్పుడు నీళ్లు పోద్దాం."

అప్పుడు ఆమెకు గుమ్మంలో మేనేజరు కనిపించాడు.

"నన్నేం చెయ్యమంటావు పెద్దమ్మా?" అన్నాడతను. "పైవాళ్లు చెప్పారు."

"ఒకటడుగుతాను చెప్పు బాబూ. నీకొస్తే నువ్వెక్కడికి వెళ్తావు?"

అతని ఆఫీసు గదికి ఆనుకునే ఒకటుంది. అందరికీ తెలుసు. తల వంచుకుని ఇంటికి వెళ్లాడు.

కంచం ముందు కూర్చున్నాడు. విషయం చెప్పగానే భార్య అడిగింది, "తాళం వేసింది ఎవరు?"

"కాంట్రాక్టరు వెయ్యమన్నాడు."

"వెయ్యమన్నది ఎవరని కాదు. వేసింది ఎవరని."

"నేనే." ఆ మాట అన్నాక తన మీద తనకే రోత పుట్టింది. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

తెల్లవారింది. గొట్టాలు నేల మీదే పడి ఉన్నాయి. ఆడవాళ్లు మరుగుదొడ్ల ముందు వరుసగా నిలబడ్డారు, గోల లేదు, తోపులాట లేదు. ఎండ ఎక్కేకొద్దీ కొమ్మల ఆకులు ముడుచుకుపోయాయి, పచ్చిక అంచులు పైకి లేచి కింద ఇటుక ముక్కలు బయటపడ్డాయి. ఇన్నాళ్లూ నీళ్లతో కప్పిన దొంగతనమంతా పట్టపగలు పళ్లికిలించింది.

కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "పొయ్యండే నీళ్లు! ఒక్కొక్కదాన్నీ గెంటించేస్తాను! మేనేజరూ, చూస్తావేం, చెప్పు వీళ్లకి!"

మేనేజరు వరుస ముందుకు నడిచాడు. జేబులోంచి తాళంచెవి తీసి గొట్టం పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె చేతులెత్తి దండం పెట్టలేదు. "నిన్ననే ఇచ్చుంటే నా కోడలు నడిచేది," అని తాళం తీసింది. మొదటి మనిషి లోపలికి వెళ్లింది.

అంతలోనే మేడమ్ కారు వచ్చింది. చాలా దూరం నుంచి ప్రయాణం, దారిలో ఆగడానికి వీల్లేకపోయింది. రిబ్బను వైపు కన్నెత్తి చూడకుండా గబగబా ఇటే వచ్చింది. వరుసను చూసి ఆగింది.

ఓర్పమ్మ ఎదురెళ్లింది. "అమ్మా, మీరూ ఆడవాళ్లే కదా. మాకు పోయే చోటు లేక మా పిల్లకి కాలు విరిగిందమ్మా..."

మేడమ్ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఓర్పమ్మ మీదుగా కాంట్రాక్టరును చూసింది.

"వీళ్లు వాడారా ఇది? ఛీ, ఛీ! కడిగించండి. ముందు వీళ్లని ఇక్కణ్ణుంచి పంపించెయ్యండి."

పోలీసులు వచ్చి పడ్డారు. గొట్టం పెద్దమ్మను జబ్బ పట్టుకుని ఈడ్చారు. ఈడుస్తుంటే ఆమె గుప్పిట్లోని తాళంచెవి వెనకామె చేతిలోకి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి జారిపోయింది.

"తాళంచెవి ఎవరిచ్చారే?" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

మేనేజరు పేరు చెబితే బయటపడేవాళ్లే, ఒక్కరూ చెప్పలేదు. కాంట్రాక్టరు అతనికి కన్ను గీటాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. అతను చెయ్యవలసిందల్లా నిన్నటిదాకా చేసిందే.

"నేనిచ్చాను," అన్నాడు మేనేజరు. "కాలు విరిగిన అమ్మాయి ఈ పార్కు మనిషే. అది కూడా రాసుకోండి."

అతన్నీ పోలీసు వ్యాన్ ఎక్కించారు. లోపల గొట్టం పెద్దమ్మ కాస్త పక్కకు జరిగింది. "కూర్చో బాబూ," అంది. అంతే అంది.

వ్యాన్ జాలీలోంచి అతనికి మరుగుదొడ్ల గుమ్మం కనిపిస్తోంది. సగం మందిని ఎక్కించారు కదా, వరుస తరగాలి. తరగలేదు. రోడ్డు ఊడ్చే ఆడవాళ్లు చీపుళ్లు గోడకు ఆనించి లోపలికి వస్తున్నారు. అవతల సైటులో ఇటుకలు మోసేవాళ్లు వస్తున్నారు. "మా దగ్గరా తాళమే," అంటూ ఒక్కొక్కరే వెనక చేరుతున్నారు. అంతమందిని ఎక్కించడానికి రెండో వ్యాన్ లేదు.

మేడమ్ ఇక ఆగలేక గుమ్మం మెట్టెక్కింది. తలుపుకి అడ్డంగా ఓర్పమ్మ నిలబడి ఉంది. తాళంచెవి ఆమె చేతిలో ఉంది.

"ఒక్కరోజు ఓర్చుకోండమ్మా," అంది. "వరుస వెనక ఉంది."