చిన్నల్లుడి వంతులో వచ్చిన గాలి

గాలి లేదు. నిన్న లేదు, మొన్న లేదు, అంతకుముందు ఎప్పుడు ఉందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. నడిసముద్రంలో మామగారి పడవ పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. అడుగున కాఫీ గింజల బస్తాలు, పైన ముగ్గురు మనుషులు: మామగారూ, ఇద్దరల్లుళ్ళూ. ఇంజను ఉందంటే ఉంది, కానీ ఆ డీజిలు రేవులోకి దూరడానికే సరిపోతుంది. మిగతాదంతా తెరచాప దయ. ఆ తెరచాప కూడా అలల ఊపుకి ఊరికే కొట్టుకుని చిరుగుతుందని దించి కట్టేశారు. గాలి వస్తే కనీసం ఇద్దరు కలిసి లాగి ఎత్తాలి. అందాకా తాగే నీళ్ళు గుక్కల లెక్కన పంచుకోవడమే.

ఇంత కరువులోనూ పెద్దల్లుడి బాధ గాలి గురించి కాదు, నీళ్ళ గురించి కాదు. అతని బాధల్లా తోడల్లుడి గురించే.

"చిన్నల్లుడూ!" అని మామగారు కేకేసినప్పుడల్లా అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఒడ్డున ఉన్నంతసేపూ ఇద్దరినీ 'అల్లుడుగారూ, మీరూ' అని మన్నించే పెద్దమనిషి, పడవ తాడు విప్పగానే 'నువ్వు'లోకి దిగిపోతారు. దానికేం బాధ లేదు. ఆ పిలిచేదేదో ఇద్దరినీ పిలవచ్చుగా! పొద్దున లేస్తే "చిన్నల్లుడూ, ఆకాశం చూశావా?" మధ్యాహ్నం "చిన్నల్లుడూ, టీ పెట్టావా?" ఆ టీ తాగాక "చిన్నల్లుడూ, ఏం చేస్తున్నావ్?" ఏం చేస్తాడు, నీళ్ళకేసి చూస్తూ ఆవలిస్తుంటాడు! అరిగిన తాళ్ళు మార్చిందెవరు? చిరిగిన తెరచాపకి సూదీ దారం పట్టుకు కూర్చున్నదెవరు? అడుగున ఊరిన నీళ్ళు తోడిపోసిందెవరు? గాడిద చాకిరీ ఒకడిది, ముద్దూ మురిపెం ఇంకొకడివి.

పోనీ ముద్దుతో పోయేదా అంటే అదీ కాదు. ఇదే తన ఆఖరి ప్రయాణమని మామగారు బయల్దేరే ముందే చెప్పేశారు. మోకాళ్ళు అరిగిపోయాయి. రేవు చేరగానే పడవని ఇద్దరల్లుళ్ళలో ఒకరి చేతిలో పెట్టి ఇంటిపట్టున కూర్చుంటారట. ఆ ఒకరు ఎవరో చెప్పలేదు. మళ్ళీ చెప్పాలా, పొద్దస్తమానం వినబడుతూంటే! పెళ్ళయిన కొత్తలోనే పడవెక్కి, చేతులు కాయలు కాసేలా పని నేర్చుకుని, ఏనాటికైనా ఈ చుక్కాని నాదేనని ఆశపడ్డవాడు పెద్దల్లుడు. నిన్నగాక మొన్నొచ్చిన నంగనాచి దాన్ని తన్నుకుపోతుంటే కడుపు మండదా మరి!

ఆ మధ్యాహ్నం చుక్కాని దగ్గర చిన్నల్లుడి వంతు. కింద గదిలో చెరో బల్ల మీద మామగారూ, పెద్దల్లుడూ నడుం వాల్చారు. గదంటే పేరుకి గది, కాళ్ళు చాపితే ఎదుటివాడి తలకి తగులుతాయి. పైకప్పులో పలకంత కిటికీ తెరిచి ఉంది. అందులోంచి చిన్నల్లుడు కనిపిస్తున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేసి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.

పెద్దల్లుడు పళ్ళు నూరుకుంటూ చూస్తుండగానే, గాలి జాడ తెలియడానికి తాడుకి కట్టిన గుడ్డపీలిక కదిలింది.

చటుక్కున లేచి కిటికీలోంచి తల బయటపెట్టాడు. చెంపకి చల్లగా తగిలింది. వెనకవైపు నీళ్ళు నల్లగా ముడతలు పడుతూ వస్తున్నాయి. కావలసిన దిక్కునుంచి, కావలసినంత గాలి! అల్లంత దూరాన వీళ్ళలాగే ఇరుక్కుపోయిన ఇంకో పడవలో అప్పుడే తెరచాప పైకి లేస్తోంది. ఒక్క కేక చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

కేకేస్తే ఏమవుతుంది? మామగారు పైకొస్తారు. "చిన్నల్లుడూ, నీ వంతులోనే వచ్చిందయ్యా గాలి, నీ చెయ్యి మంచిది" అని వీపు తడతారు. వద్దు. పడుకోనీ. వీడి సంగతేమిటో ఆయన కళ్ళారా చూడనీ.

పెద్దల్లుడు వెనక్కొచ్చి బల్ల మీద పడుకున్నాడు. గాలి గదిలోకి దిగింది, మేకుకి తగిలించిన కప్పుల్ని గలగలలాడించింది, అతని జుట్టు చెదరగొట్టింది. ఇప్పుడైనా లేవరా అని లోపలెవరో పోరుతూనే ఉన్నారు. బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. చాలాసేపు వీచి, గాలి తన దారిన తను పోయింది.

మామగారు లేచి మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కారు. "ఆ రెండో పడవేదీ?"

చిన్నల్లుడు ఉలిక్కిపడి లేచాడు. ఖాళీ సముద్రం చూశాడు, తాడుకి చుట్టుకుపోయిన గుడ్డపీలిక చూశాడు, పాలిపోయాడు. "నిద్రపట్టేసింది మామయ్యా. గాలొచ్చి పోయినట్టుంది. తప్పు నాదే" అని బావురుమన్నాడు. అప్పుడే లేచినట్టు కళ్ళు నులుముకుంటూ పెద్దల్లుడు వెనకే వచ్చి నిలబడ్డాడు. లోపల మాత్రం పండగే.

తిట్లు మొదలవుతాయని చూశాడు. మామగారు నిట్టూర్చారంతే.

"నువ్వు నిద్రపోతావని నాకు తెలీదుటయ్యా? మాటిమాటికీ నిన్నెందుకు పిలుస్తున్నాననుకున్నావ్? పిలవకపోతే కునికేస్తావనే. ఇవాళ నేనూ పడుకున్నాను, పెద్దాడున్నాడు కదా అని. మధ్యలో నాకూ చల్లగా తగిలిందిలే. నిన్ను లేపి తెరచాప ఎత్తేస్తుంటాడని అటు తిరిగి పడుకున్నాను." అప్పుడు పెద్దల్లుడి వైపు తిరిగారు. "దోమ వాలితే లేచే మనిషివి, నీకెలా మెలకువ రాలేదు నాయనా? ఒంట్లో బాగాలేదా?"

నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన అలా ముట్టుకోవడం అదే మొదలు. జ్వరంగా ఉందంటే సరిపోయేది. నమ్మేసేవారు, తన వంతు నీళ్ళు కూడా ఇచ్చేవారు. ఆ చెయ్యి కిందే పెద్దల్లుడికి ఏడుపొచ్చింది.

"మెలకువగానే ఉన్నాను మామయ్యా."

చెయ్యి కాసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా దిగింది. ఆయన వెనుదిరిగి చుక్కాని దగ్గరికి వెళ్ళారు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడూ గాలి లేదు. మామగారు పొద్దుటినుంచీ చుక్కాని దగ్గరే కూర్చున్నారు. మధ్యాహ్నమైనా కిందికి దిగలేదు. ఎండకి కళ్ళు ఎర్రబడ్డాయి, మోకాళ్ళు వాచాయి. పెద్దల్లుడు తన వంతు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"కాసేపు పడుకోండి మామయ్యా. నేనున్నానుగా."

"ఉన్నావు నాయనా" అన్నారు ముసలాయన, కోపమేం లేకుండానే. అని, కళ్ళు నులుముకుని, మళ్ళీ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.