ఎడమ పాదం ముందు

తిరగదేం ఈ స్క్రూ, దీనికీ మొగుడు ఎమోన్ పొగరే అంటుకుందా, అనుకుంటూ ఓదిల్ స్క్రూడ్రైవర్ మీద ఒళ్ళంతా వాల్చి నొక్కింది, స్క్రూ కదల్లేదు, బల్లకి బిగించిన ఈ మంచు మీద జారే పలక మామూలు స్కీలలా రెండు కాదు, ఒకటే, సన్నగా పొడుగ్గా, దాని మీద ఒక బూటు వెనక ఇంకో బూటు ఇరికించుకుని తీగ మీద నడిచేవాళ్ళలా నిలబడాలి, ఆల్ప్స్ కొండల్లో ఇలా జారేవాళ్ళు గుప్పెడుమంది, తక్కినవాళ్ళకి అదో పిచ్చి, పిచ్చే, కాదని ఎవరన్నారు, కానీ ఆ పిచ్చిలో కూడా తను పక్కన కూర్చోవాలా, రేపు ఆ గుప్పెడుమందీ కలిసే రోజు, ఇవాళ పొద్దున కాఫీలో రొట్టె ముంచుకుంటూ ఎంత తేలిగ్గా అనేశాడు మొగుడు, రేపు నువ్వు జారకులే ఓదిల్, కింద సూప్ వడ్డించేచోట ఉండు, అందరి ముందూ పడితే నీకే బాధ, అని, నాకే బాధట, ఎంత జాలో!

పడుతుంది, నిజమే, కుడివైపు మలుపు వస్తే చాలు ఒళ్ళు కొయ్యబారుతుంది, పెళ్ళయిన మొదటి చలికాలం అతనే ముచ్చటపడి ఈ పలక కొని, బూట్లు ఇరికించే బైండింగులు కూడా తన చేత్తోనే బిగించి ఇచ్చాడు, అప్పట్నుంచీ అంతే, కొండ మీదికెక్కించే లిఫ్టు దగ్గర టికెట్లు చూసే ముసలాయన కూడా, ఏమ్మా, ఇవాళ మంచుకి ఎన్ని ముద్దులు పెట్టావు, అనేవాడు, సిగ్గులేక తనూ నవ్వేది, భయం నీకు, మోకాలు వంచవు, అంటాడు ఎమోన్, వంచాను కదయ్యా, చిప్ప కమిలి నల్లబడేదాకా వంచాను, ఇంకెంత వంచను, నిన్న వాళ్ళక్క గిస్లేన్ గుమ్మంలో ఉన్నట్టుండి వెనకనుంచి ఒక్క తోపు తోసింది, తూలి నిలదొక్కుకుని, ఏంటొదినా ఈ మోటుసరసం, అంటే ఆవిడ నవ్వలేదు, ఏ కాలు ముందుకేశావో చూసుకో పిల్లా, అంది, ఎడమ, మళ్ళీ తోసింది, మళ్ళీ ఎడమే, పడబోయేటప్పుడు ముందుకొచ్చే కాలే పలక మీదా ముందుండాలి, మరి మావాడు నీకు కుడికాలు ముందుకి పెట్టాడేం, వాడిది కుడి కనకనా?

అవును, వాడిది కుడి కనకే, ఆ మాట రాత్రంతా చెవిలో జోరీగలా తిరిగింది, ఇంతలో మెట్లు దిగి ఎమోన్ రానే వచ్చాడు, ఏం చేస్తున్నావ్, సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు పాడుచేస్తావ్, సరిగ్గా ఉందా, ఎవరికి, అంది ఓదిల్, నాకలాగే బాగుంటుంది, అందుకే నీకూ అలాగే పెట్టా, నీ మంచికేగా, నా కాళ్ళు నీ కాళ్ళా ఎమోన్, అబ్బ, తేడా ఉంటే ఇన్నాళ్ళూ చెప్పచ్చుగా, నువ్వు ఒక్కసారైనా అడగచ్చుగా, కర్రుమంటూ స్క్రూ వదులైంది, ఎడమకి వాలి ఉన్న బైండింగులు రెండింటినీ ఎడమకాలు ముందుండేలా కుడివైపుకి తిప్పి, బూటు పెట్టి చూసుకుని, మళ్ళీ కాస్త తిప్పి, బిగించింది, సాయం పట్టనా, అన్నాడతను, గొంతు తగ్గించి, అక్కర్లేదు.

పలకని పాత తివాచీ మీదికి దించి, ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, బూట్లు టక్కున కూర్చున్నాయి, పడకుండా పట్టుకుందామని అతను చెయ్యి చాపాడు, ఆ చేతిని తప్పించుకుని కుడివైపు మలుపు కోసం నడుం తిప్పింది, తిరిగింది, బిగుసుకోలేదు, మోకాళ్ళు వాటంతటవే వంగాయి, ఎవరూ వంచమనకుండానే, కోపం ఇంకా పోలేదు, ఉండనీ, దాని అడుగున మాత్రం ఒక మాట తేటగా నిలిచింది, తనకి భయం లేదు, ఎప్పుడూ లేదు, ఇన్నేళ్ళూ అతను నిలబడే తీరులో నిలబడి, పడిన ప్రతిసారీ తప్పు తనదే అనుకుంది.